బృహద్ధమనికి మందు – సర్పగంధ వేరు నుంచి లోసార్టాన్ మాత్ర దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఫ్యాక్టరీ పాత ముచ్చట్లు ఏవైనా వ్రాయమని కార్యవర్గం వారు అడిగారు. పాత ముచ్చట్లు నాకంటె బాగా చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక మందు చరిత్ర వ్రాద్దామనుకున్నాను. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ ఉద్యోగులకు మందుల చరిత్రతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. కారణం మన ఫ్యాక్టరీలోనే ఉన్నది.

1983లో క్రషింగు ముమ్మరంగా సాగుతున్న రోజులు. మిల్లు హౌసులో పనిచేసే మిత్రునికి ఒక కొడుకు ఉండేవాడు. వయసు 26 ఏళ్ళు. ఆరడుగుల మూడంగుళాల పొడవు, సన్నటి ఒళ్ళు, చేతివేళ్ళు మరీ పొడుగు. తోటివాళ్ళు "తాటిచెట్టు" అని ఏడిపించేవారు. పెద్దవాళ్ళు మాత్రం "ఆజానుబాహుడు, రాజయోగం ఉన్నవాడు" అనేవారు. వాలీబాల్ ఆడితే నెట్ దగ్గర వాడికి ఎదురుండేది కాదు. ఒకనాటి సాయంత్రం ఉన్నట్టుండి రొమ్ములో నొప్పి వచ్చింది. ఎవరో కత్తితో చీల్చినట్టు ఉందనీ, వీపులోకి పోతోందనీ అన్నాడు. గ్యాసు నొప్పి అనుకున్నాము. వాము నీళ్ళు పట్టించాము. అనకాపల్లి తీసుకువెళ్ళడానికి బండి కుదిరేలోగా ప్రాణం పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ఇంట్లో ఆడవాళ్ళు దిష్టి తగిలిందన్నారు. అంతటితో ఆ మాట ముగిసింది.

ఆ కుర్రవాడి మరణానికి ఒక పేరున్నదనీ, అతడు పుట్టక ముందే దానికి మందు వెదకడం మొదలయిందనీ నాకు తెలిసింది రిటైరైన తరువాతనే. ఆ సంగతి చివర చెబుతాను.

పేరు పెట్టిన వైద్యుడు

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని బృహద్ధమని అంటారు. ఒళ్ళంతటికీ రక్తం పంచే గొట్టాలన్నీ దీని కొమ్మలే. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్ష దెబ్బలు. ప్రతి దెబ్బా ముందు తగిలేది ఈ నాళం మొదలుకే. అందుకే దాని గోడ మూడు పొరలుగా, సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చేటట్టుగా తయారై ఉంటుంది. ఆ బలం ఇచ్చేవి సంయోజక కణజాలంలోని పోగులు. చర్మం, కీళ్ళు, ఎముకలు, కంటి కటకాన్ని పట్టి ఉంచే దారాలు, అన్నిటిలోనూ ఈ కణజాలమే ఉన్నది. పుట్టుకతోనే ఈ పోగులలో లోపం ఉన్నవారికి ఒకేసారి కన్ను, ఎముక, గుండె మూడూ దెబ్బ తినడానికి కారణం ఇదే.

1896లో ప్యారిస్ నగరంలో ఆంటోనీ మార్ఫాన్ అనే పిల్లల వైద్యుడు గాబ్రియేల్ అనే ఐదేళ్ళ పాపను తోటి వైద్యుల ముందుకు తీసుకువచ్చాడు. ఆ పాప కాళ్ళు చేతులు అసాధారణంగా పొడుగు. వేళ్ళు సాలీడు కాళ్ళలా ఉన్నవి. ఆయన పేరు మీదనే ఈ జబ్బును మార్ఫాన్ సిండ్రోమ్ అంటున్నాము. చిత్రమేమిటంటే, ఆ పాపకు ఉన్నది బహుశా ఇదే కాదు, దీనికి దగ్గరి చుట్టమైన మరొక జబ్బు అని తరువాతి వారు అనుమానించారు. పేరు మాత్రం నిలిచిపోయింది.

ఈ పొడుగు మనుషుల ప్రాణం తీసేది బృహద్ధమని అన్న సంగతి 1943 దాకా తేటపడలేదు. ఆ సంవత్సరం అమెరికాలో ఇద్దరు ముగ్గురు పరిశోధకులు వేరువేరుగా ఈ సంబంధాన్ని చూపించారు. 1950లలో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విక్టర్ మెక్కూసిక్ అనే వైద్యుడు ఇలాంటి కుటుంబాలను వెదికి, తరతరాల వంశవృక్షాలు వ్రాసి, 1956లో సంయోజక కణజాలపు వంశపారంపర్య వ్యాధుల మీద పుస్తకం వెలువరించాడు. ఈ జబ్బు ఉన్నవారిలో బృహద్ధమని మొదలు ఏడాదికేడాది ఉబ్బుతుంది. ఒకనాడు లోపలి పొర చిట్లి, రక్తం పొరల మధ్యకు చొరబడి, గుడ్డ చింపినట్టు చీల్చుకుంటూ పోతుంది. మా మిత్రుని కొడుకు చెప్పిన నొప్పి అదే.

సుమారు 5,000 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. 1972లో మెక్కూసిక్ బృందం లెక్క కట్టి చూస్తే, ఈ రోగులు చనిపోయిన సగటు వయసు 32 సంవత్సరాలు. 1986 జనవరిలో అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ జపానులో ఆట మధ్యలో బెంచీ మీద కూర్చుని ఉండగానే కుప్పకూలి మరణించింది. ఆమె వయసు 31. ఆమెకు మార్ఫాన్ ఉన్న సంగతి శవపరీక్షలోనే బయటపడింది. ఆ వార్త వివరాలు ఎన్నో ఏళ్ళ తరువాత చదివినప్పుడు మన ఊరి నెట్ దగ్గర ఎగిరిన కుర్రవాడే నా కళ్ళ ముందు నిలిచాడు.

మన అడవి వేరు

ఇక మందు సంగతి. ఈ కథ మొదలు మన దేశంలోనే ఉన్నది. సర్పగంధ అనే మొక్క వేరును మన వైద్యులు పాముకాటుకు, పిచ్చికి, నిద్ర పట్టకపోవడానికి వాడేవారు. తెలుగు దేశంలో పాతాళగంధి అని కూడా అంటారు. మన తూర్పు కనుమల అడవులకు కొత్త మొక్క కాదు.

1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు పిచ్చినే కాక రక్తపు పోటును కూడా తగ్గిస్తుందని ప్రకటించారు. అదే సంవత్సరం ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ దానిలోని రసాయనాలను వేరుచేయడం మొదలుపెట్టాడు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటు ఉన్న 50 మందికి ఈ వేరు ఇచ్చి, ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చు వేయించాడు. పడమటి దేశాల కళ్ళు అప్పుడు తెరుచుకున్నవి. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు వేరులోని ముఖ్యమైన పదార్థాన్ని విడదీసి రిసర్పిన్ అని పేరు పెట్టారు. నరాల కొసలలో నిలవ ఉండే ఉద్రేక రసాయనాన్ని ఇది ఖాళీ చేస్తుంది. దానితో రక్తపు పోటు తగ్గుతుంది, గుండె నెమ్మదిస్తుంది. 1957లో వకీల్ గారికి అమెరికాలో లాస్కర్ బహుమతి వచ్చింది.

అంతవరకు ఇది రక్తపు పోటు మందు మాత్రమే. బృహద్ధమని దాకా అది చేరడానికి మధ్యలో ఒక బఠాణీ జాతి తీగ, కొన్ని కోళ్ళు అవసరమైనవి.

కేసరి పప్పు, స్వీట్ పీ పూలు, టర్కీ కోళ్ళు

కరువు కాలంలో కేసరి పప్పు నెలల తరబడి తిన్నవారికి కాళ్ళు చచ్చుబడటం మధ్య భారతంలో పాత బాధ. ఆ పప్పులో విషం ఏమిటో తేల్చడానికి ఎందరో శ్రమించారు. 1964లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ గార్లు ఆ విషాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మూర్తి, శేషాద్రి, వెంకటసుబ్రమణియన్ గార్లూ దాన్ని పట్టుకున్నారు. ఈ శేషాద్రి గారు మనకు పరాయివారు కారు. 1934 నుంచి 1949 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాస్త్ర శాఖను నిలబెట్టిన టి.ఆర్. శేషాద్రి గారే.

దీనికంటె ముందే పడమటి దేశాలవారు ఒక పక్కదారి పట్టారు. కేసరి పప్పుకు బదులు, అదే కుటుంబానికి చెందిన, పూలకోసం తోటలలో పెంచే స్వీట్ పీ గింజలను ఎలుకలకు మేతగా పెట్టి చూశారు. ఎలుకల కాళ్ళు పడిపోలేదు. వెన్నెముక వంకర తిరిగింది, బృహద్ధమని చీలిపోయింది. 1952లో పొన్సెటి, బెయిర్డ్ అనే ఇద్దరు ఈ సంగతి ప్రకటించారు. వంకర వెన్ను, చీలిన ధమని అంటే మార్ఫాన్ రోగిని చూసినట్టే కదా! 1954 నాటికి ఆ గింజలోని దోషి దొరికింది. పోగును పోగుతో ముడివేసే పనిని అది అడ్డుకుంటుంది. ముళ్ళు పడని వల ఎలా ఉంటుందో అలా అవుతుంది ధమని గోడ. మనిషికి పుట్టుకతో వచ్చే లోపం ఇది కాకపోయినా, ధమని గోడ బలహీనపడితే ఏమవుతుందో చూడటానికి పరిశోధకులకు ఒక ఉపాయం దొరికింది.

ఇదే సమయంలో అమెరికాలో టర్కీ కోళ్ళ పెంపకందార్లకు ఒక చిక్కు వచ్చింది. బాగా బలిసిన మగ కోళ్ళు ఉన్నట్టుండి తలవాల్చి చచ్చిపోయేవి. కోసి చూస్తే బృహద్ధమని పగిలి లోపలంతా రక్తం. ఈ పక్షులకు రక్తపు పోటు సహజంగానే చాలా ఎక్కువ. 1950ల చివర కోళ్ళ మేతలో రవ్వంత రిసర్పిన్ కలిపి చూశారు. చావులు తగ్గిపోయినవి. మన అడవి వేరులోని సారమే అమెరికా కోళ్ళ ధమనులను కాపాడిందన్నమాట. బృహద్ధమని పగలకుండా ఒక మందు ఆపగలదని ముందుగా రుజువు చేసినవి ఈ కోళ్ళేనని చెప్పాలి.

స్టీమ్ లైను నేర్పిన పాఠం

ఆ రోజులలో మనిషికి బృహద్ధమని చీలితే చేయగలిగింది బహు స్వల్పం. 1955లో డిబేకీ, కూలీ వంటి శస్త్రవైద్యులు ఆపరేషను మొదలుపెట్టారు గాని, బల్ల మీదనే పోయేవారు ఎక్కువ. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మైరన్ వీట్ అనే శస్త్రవైద్యుడు, రాబర్ట్ పామర్ అనే మందుల శాస్త్రజ్ఞుడు కోళ్ళ కథ విని ఆలోచనలో పడ్డారు. కత్తి పట్టే వైద్యుడే కత్తి పక్కన పెట్టి, చీలిన ధమని ఉన్న కొందరు రోగులకు రిసర్పిన్, మరి రెండు పోటు తగ్గించే మందులు ఇచ్చాడు. రోగులు బ్రతికారు. 1965లో ఆయన ఆపరేషను లేకుండా చికిత్స అంటూ దీన్ని ప్రకటించాడు.

వీట్ గారి వాదన మన బాయిలర్ హౌసులో పనిచేసినవారికి చిటికెలో బోధపడుతుంది. సీజను మొదట్లో చల్లగా ఉన్న లైనులోకి స్టీము వదిలేటప్పుడు మనం ఏం చేసేవాళ్ళం? డ్రెయిన్లు తెరిచి నీరు పోనిచ్చి, మెయిన్ వాల్వును చుట్టు తరువాత చుట్టు మెల్లగా తిప్పేవాళ్ళం. తొందరపడి ఒక్కసారి తిప్పితే లైనంతా దడదడ కొట్టుకుని, గ్యాస్కెట్టు ఎగిరిపోయేది. గేజిలో ప్రెషరు రెండుసార్లూ ఒకటే. తేడా అంతా అది ఎక్కిన వేగంలోనే. పోలిక పూర్తిగా సరిపోదు గాని, వీట్ చెప్పినది ఇటువంటిదే. ధమనిని చీల్చేది రక్తపు పోటు ఒక్కటే కాదు, ప్రతి దెబ్బకు ఆ పోటు ఎంత నిటారుగా ఎక్కుతుందన్నది కూడా.

1970లో ఆయన బృందం ప్లాస్టిక్ గొట్టానికి లోపల పొర అంటించి, దానికి చిన్న గంటు పెట్టి నీరు పారించి చూసింది. పంపు ఎగుడుదిగుడు లేకుండా సమంగా తోస్తే ప్రెషరు ఎంత పెంచినా గంటు పాకలేదు. దెబ్బదెబ్బగా తోస్తే, ఆ దెబ్బ ఎంత నిటారుగా ఉంటే అంత వేగంగా పొర లేచిపోయింది. కుక్కల ధమనులలో కూడా అలాగే జరిగింది. అప్పటినుంచి ఈ జబ్బుకు మందు అంటే పోటు తగ్గించడమే కాదు, గుండె దెబ్బను మెత్తపరచడం అన్న సూత్రం స్థిరపడింది.

రిసర్పిన్ ఆ పనికి చాలాకాలం నిలవలేదు. కొందరికి అది తీవ్రమైన దిగులు తెచ్చిపెట్టేది. జీవితాంతం వాడదగిన మందు కాదు. సరిగ్గా ఆ సమయానికే మరొక మందు సిద్ధమైంది.

గుండెకు కళ్ళెం

బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు గుండెను పరుగెత్తించే అడ్రినలిన్ వచ్చి కూర్చునే చోటునే మూసివేసే మందు కోసం వెదికాడు. 1960ల నడుమ ప్రొప్రనలాల్ వాడుకలోకి వచ్చింది. బీటా బ్లాకర్లు అనే మందుల కుటుంబానికి అదే పెద్ద. 1988లో బ్లాక్ గారికి నోబెల్ బహుమతి వచ్చింది. స్వీట్ పీ విషం పెట్టిన టర్కీ కోళ్ళకు ప్రొప్రనలాల్ ఇస్తే ధమని పగలడం తగ్గిందని వేరొక బృందం చూపించింది.

1971లో మెక్కూసిక్ శిష్యబృందం ఒక అడుగు ముందుకు వేసింది. చీలిన తరువాత ఎందుకు, చీలక ముందే మార్ఫాన్ రోగులకు ఈ మాత్ర ఇస్తే ఏమి అని అడిగారు. సామాన్యమైన ప్రశ్నే గాని, జవాబుకు 23 ఏళ్ళు పట్టింది. ఎందుకంటే ఏ బాధా లేని కుర్రవాళ్ళకు ఏళ్ళ తరబడి మాత్రలిచ్చి, ధమని మిల్లీమీటర్లు కొలుస్తూ కూర్చోవాలి. జాన్స్ హాప్కిన్స్‌లో 70 మందిని చీట్లు వేసినట్టు రెండుగా విడదీశారు. 32 మందికి ప్రొప్రనలాల్ ఇచ్చారు, 38 మందికి ఇవ్వలేదు. సుమారు పదేళ్ళు కనిపెట్టి చూశారు. మందు వేసుకున్నవారిలో ధమని ఉబ్బే వేగం స్పష్టంగా తగ్గింది. 1994లో ఆ ఫలితం అచ్చయింది.

మందు ఒక్కటే గొప్ప చేసిందనడం న్యాయం కాదు. 1968లో లండనులో బెంటాల్, డి బోనో అనే వైద్యులు ఉబ్బిన ధమని మొదలును, గుండె కవాటాన్ని కలిపి మార్చే ఆపరేషను ప్రకటించారు. గుండెను బొమ్మగా చూపే ఎకో పరీక్ష వచ్చింది. ఈ మూడూ కలిసి పనిచేశాయి. 1995లో మళ్ళీ లెక్క వేస్తే, మార్ఫాన్ రోగులలో సగం మంది 72 ఏళ్ళ దాకా బ్రతుకుతారని తేలింది. 1972 నాటి రోగులలో అది 48 ఏళ్ళు. ఒక తరంలో 24 ఏళ్ళ ఆయుష్షు కలిసివచ్చింది.

జన్యువు చెప్పిన కొత్త సంగతి

1986లో లిన్ సకాయి అనే శాస్త్రజ్ఞురాలు సంయోజక కణజాలంలో ఫైబ్రిలిన్ అనే మాంసకృత్తును కనుగొన్నది. 1991లో హాల్ డీట్జ్ తదితరులు మార్ఫాన్ రోగులలో చెడినది ఈ ఫైబ్రిలిన్‌ను తయారుచేసే జన్యువేనని నిరూపించారు. అది 15వ క్రోమోసోము మీద ఉన్నది. పోగు బలహీనం కాబట్టి గోడ బలహీనం, అంతే కథ అనుకున్నారు. ఐతే అంతటితో ముగియలేదు. ఫైబ్రిలిన్ ఒట్టి తాడు కాదనీ, టి.జి.ఎఫ్. బీటా అనే పెరుగుదల సంకేతాన్ని కట్టి ఉంచే గుంజ కూడాననీ తరువాత తెలిసింది. గుంజ ఊడితే సంకేతం అదుపు తప్పి గోడను మరింత పాడుచేస్తుంది.

రక్తపు పోటుకు 1995 నుంచి వాడుకలో ఉన్న లోసార్టాన్ ఈ సంకేతాన్ని కూడా తగ్గిస్తుందని తెలిసి, డీట్జ్ బృందం దాన్ని మార్ఫాన్ ఎలుకలకు ఇచ్చింది. 2006లో వచ్చిన ఫలితం ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. ఎలుకల ధమనులు మామూలు ధమనుల మాదిరిగానే ఉన్నవి. 2008లో జబ్బు తీవ్రంగా ఉన్న 18 మంది పిల్లలకు ఇటువంటి మందు ఇస్తే, ఏడాదికి 3.54 మిల్లీమీటర్లు పెరుగుతున్న ధమని 0.46 మిల్లీమీటర్లకు దిగింది. జబ్బుకు మూలంలోనే మందు దొరికిందని తలిదండ్రులు సంబరపడ్డారు.

అయితే 18 మంది చాలరు కదా. 2014లో 608 మంది పిల్లలు, యువకుల మీద మూడేళ్ళు జరిగిన పెద్ద పరీక్షలో లోసార్టాన్‌ను, అటినలాల్ అనే బీటా బ్లాకర్‌ను పోల్చి చూశారు. రెండూ సమానంగానే తేలాయి. కొత్త మందు పాతదాన్ని ఓడించలేదు. ఫ్రాన్సులో జరిగిన పరీక్షలో లాభమే కనపడలేదు. హాలెండులో, బ్రిటన్‌లో లాభం కనపడింది. చివరకు 2022లో ఈ పరీక్షలన్నిటిలోని రోగుల వివరాలను ఒకచోట పోగుచేసి లెక్కించారు. లోసార్టాన్ జాతి మందులు ధమని ఉబ్బే వేగాన్ని సుమారు సగానికి తగ్గిస్తున్నవనీ, బీటా బ్లాకర్లకూ దాదాపు అంత శక్తి ఉన్నదనీ, రెండూ కలిపి వాడితే మరింత మేలని ఆశించవచ్చనీ తేలింది. ఎలుకలలో చూసిన అద్భుతం మనుషులలో జరగలేదు. అలాగని ఆశ వమ్ము కాలేదు. మందు జబ్బును మాన్పదు, కాలాన్ని కొనిపెడుతుంది. ఆ కాలంలో ఎకోలు తీసి, ధమని 5 సెంటీమీటర్ల దరికి వస్తున్నప్పుడు, ఇంకా చీలకముందే ఆపరేషను చేయించుకోవచ్చు. కొన్ని కుటుంబాలలో వైద్యులు అంతకు ముందే చేయమంటారు.

ఈ కుటుంబంలోనే మరొక జబ్బు, రక్తనాళాలను పట్టే ఎహ్లర్స్ డాన్లోస్ సిండ్రోమ్, ఇంకా గడ్డుది. అందులో కొలాజెన్ పోగు చెడుతుంది. నాళాలు చెప్పాపెట్టకుండా పగులుతాయి. కుట్టబోతే కుట్టు నిలవదు. 2010లో ఫ్రాన్సు, బెల్జియం దేశాలలో 53 మంది మీద సెలిప్రొలాల్ అనే మందు పరీక్షించారు. మందు లేనివారిలో సగం మందికి నాళాలు చీలడమో పగలడమో జరిగితే, మందు వేసుకున్నవారిలో ఐదింట ఒక వంతుకే జరిగింది. శస్త్రవైద్యుడి చేయి ఆడనిచోట మాత్రే దిక్కయింది.

మళ్ళీ తుమ్మపాల

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తాను. చనిపోయిన కుర్రవాడికి ఒక చెల్లెలు. ఆమె కొడుకు కూడా మేనమామ పోలికే, పొడుగు. 2009లో వాడికి చూపు సరిగా ఆనడంలేదని విశాఖపట్నంలో కంటి వైద్యుడికి చూపిస్తే, కంటి కటకం పక్కకు జారి ఉన్నదని చెప్పి, కళ్ళజోడు వ్రాసి ఊరుకోకుండా, "మీ ఇంట్లో పొడుగువాళ్ళు ఎవరైనా చిన్న వయసులో పోయారా?" అని అడిగాడట. ఆ ఒక్క ప్రశ్నతో 26 ఏళ్ళ నాటి చావుకు అర్థం తెలిసింది. గుండె వైద్యుడు ఎకో తీస్తే వాడి ధమని మొదలు అప్పటికే ఉబ్బి ఉన్నది. తల్లికీ తీయించారు. ఆమెకూ ఉన్నది, కాకపోతే తక్కువ.

మా మిత్రుడు అప్పుడు నా దగ్గరకు వచ్చి, "మేనరికం చేసుకున్నందుకేనా బావా ఇదంతా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కాదని ఆయనకు చెప్పడానికి వైద్యుడిని మళ్ళీ కలవవలసి వచ్చింది. మేనరికాల వల్ల పైకి వచ్చే జబ్బులు వేరు. వాటిలో తలిదండ్రులిద్దరి నుంచీ చెడు జన్యువు రావాలి. మార్ఫాన్ బహిర్గత లక్షణం. ఒక్కరి నుంచి వచ్చినా చాలు. అలా ఉన్నవారి ప్రతి బిడ్డకూ, మగైనా ఆడైనా, సగానికి సగం అవకాశం. నలుగురు రోగులలో ఒకరికి తలిదండ్రులలో ఎవరికీ లేకుండా కొత్తగానే పుడుతుంది. ఇది ఎవరి పాపమూ కాదు, ఏ పెళ్ళి తప్పూ కాదు. ఆ మాట విన్నాక మా మిత్రుడి మొహంలో తేరుకున్న భావం నేను మరువలేను.

ఆ మనుమడు వాలీబాల్ మానేశాడు. రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. మొదటి రెండేళ్ళు మాత్ర వేయించడమే పెద్ద పని అయింది. "ఏ నొప్పీ లేదు, మందెందుకు తాతా?" అనేవాడు. కనపడని ప్రమాదానికి రోజూ మాత్ర మింగడం కుర్రతనానికి కష్టమే. అప్పుడు తాత ఈ స్టీమ్ లైను పోలికే చెప్పాడు. "వాల్వు మెల్లగా తిప్పుతున్నాము నాయనా" అన్నాడు. మేనమామ దాటని వయసును వాడు దాటాడు.

మనుమలు, మనుమరాళ్ళు ఉన్న మిత్రులకు నా విన్నపం ఇది. పొడుగు అందమే, జబ్బు కాదు. ఐతే ఎత్తుకంటె చేతుల చాపు బాగా ఎక్కువగా ఉండి, పిడికిలిలో మూసిన బొటనవేలు గోరు అవతలి అంచు దాటి బయటకు వచ్చి, రొమ్ము లోనికి గుంటపడో ముందుకు పొడుచుకో ఉండి, వెన్ను వంకరై, చూపు బాగా తక్కువై ఉంటే, అందులోనూ ఆ ఇంట చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయి ఉంటే, ఒకసారి ఎకో తీయించండి. ఒకరికి తేలితే రక్తసంబంధీకులందరికీ తీయించాలి.

మరి కొన్ని సంగతులు. ఈ మందులు వైద్యుడు చెప్పకుండా మొదలుపెట్టరాదు, చెప్పకుండా మానరాదు. ఉబ్బసం ఉన్నవారికి బీటా బ్లాకర్లు పడకపోవచ్చు. గర్భిణికి లోసార్టాన్ జాతి మందులు బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి, పెళ్ళయిన ఆడపిల్ల ముందుగానే వైద్యునితో మాట్లాడాలి. 2018 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక చేసింది. ధమని ఉబ్బినవారికి, మార్ఫాన్, ఎహ్లర్స్ డాన్లోస్ ఉన్నవారికి, వేరే దారి ఉన్నప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు ఇవ్వవద్దన్నది. విరేచనాలకు, మూత్రంలో మంటకు మందుల షాపులో అడిగి కొని వేసుకునే మాత్రలలో ఇది ఒకటి కాబట్టి గుర్తుంచుకోవాలి. ఈ వ్యాసం చదివి సర్పగంధ వేరు నూరి త్రాగవద్దు. దాని వంతు పని అది చేసి, మంచి మందులకు దారి చూపి తప్పుకున్నది.

కలకత్తా వైద్యులు, బొంబాయి వకీల్ గారు, ఎలుకకు స్వీట్ పీ గింజలు పెట్టినవారు, కోళ్ళ మేతలో మందు కలిపినవారు, కత్తి పక్కన పెట్టిన శస్త్రవైద్యుడు, పదేళ్ళు మిల్లీమీటర్లు కొలిచినవారు, వీరిలో ఎవరికీ తుమ్మపాల పేరు తెలియదు. ఐనా వారి శ్రమంతా కలిసి ఒక మాత్రగా మా మిత్రుని ఇంటికి చేరింది. 1983లో అది కొడుకుకు అందలేదు. 2009లో మనుమడికి అందింది. ఆ మధ్య 26 ఏళ్ళలో లోపించింది మందు కాదు, అడగవలసిన ఒక ప్రశ్న. ఆ ప్రశ్న మన ఇళ్ళలో మనమే అడుగుకుంటే, మరొక ఆజానుబాహుడికి వాము నీళ్ళు పట్టించే అవసరం రాదు.